మరియా మార్టినెజ్ కుటుంబం, శాన్ ఇల్డిఫాన్సో నల్లకుండలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రానికి వెళ్లి, అక్కడి మ్యూజియంలలో అద్దాల వెనుక నిగనిగలాడే నల్లకుండలను చూసివచ్చిన వారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. "మరియా కుండ" అని ఒక్క మనిషి పేరుతో పిలుస్తున్న వస్తువు నిజానికి ఎవరెవరి చేతిపని అన్నదే ఈ ప్రశ్నల్లో చాలావాటికి మూలం కాబట్టి, సమాధానాలు కూడా ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి.

ప్యూబ్లో అంటే తెగ పేరా, ఊరి పేరా?

రెండూ. ప్యూబ్లో అనేది స్పానిష్ మాట. ఊరు అని అర్థం. పదహారో శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన స్పానిష్ వారు, మట్టి ఇటుకలతో అంతస్తులుగా కట్టుకున్న ఇళ్లలో, ఒకచోట స్థిరపడి మొక్కజొన్న పండించుకుంటున్న జనాన్ని చూసి వారి ఊళ్లను ఆ మాటతో పిలిచారు. తరువాత ఆ మాటే ఆ జనానికీ పేరైంది. నేడు న్యూ మెక్సికోలో పంతొమ్మిది ప్యూబ్లోలు ఉన్నాయి. ఒక్కొక్కటి సొంత గవర్నరు, సొంత పాలన ఉన్న గుర్తింపు పొందిన జాతి. వీరంతా ఒకే భాష మాట్లాడరు. టేవా, టీవా, టోవా, కెరెస్, జూని అనే వేర్వేరు భాషలున్నాయి.

మన పాత పాఠ్యపుస్తకాలలో కనిపించే "రెడ్ ఇండియన్లు" అనే మాటను ఇప్పుడు వాడకపోవడమే మర్యాద. వారిని వారి ఊరి పేరుతో, అంటే శాన్ ఇల్డిఫాన్సో వారు, శాంటా క్లారా వారు అని చెప్పడం అన్నిటికంటే మంచిది.

శాన్ ఇల్డిఫాన్సో ఎక్కడ ఉంది?

శాంటా ఫే నగరానికి వాయవ్యంగా, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, రియో గ్రాండే నది ఒడ్డున ఉంది. వీరిది టేవా భాష. ఊరికి ఉత్తరాన బ్లాక్ మెసా అనే నల్లని బల్లపరుపు కొండ ఉంటుంది. 1680లో ప్యూబ్లో జనమంతా ఏకమై స్పానిష్ పాలకులను తరిమివేశారు. పన్నెండేళ్ల తరువాత వారు తిరిగి వచ్చినప్పుడు, 1694లో ఈ ఊరివారు ఆ కొండపైకి ఎక్కి చాలాకాలం లొంగకుండా నిలిచారు.

మరియా మార్టినెజ్ ఎవరు? కుండలు చేయడం ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

మరియా మోంటోయా సుమారు 1887లో ఈ ఊళ్లోనే పుట్టి, 1980 జూలైలో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. టేవా భాషలో ఆమె పేరు పోవెకా. కొలనులో పూసే కలువ అని అర్థం చెబుతారు. కుండలు చేయడం ఆమె చిన్నతనంలోనే తన పెద్దమ్మ వరుస అయిన నికోలాసా దగ్గర చూసి నేర్చుకున్నారు. "చూసి" అన్న మాటను కావాలనే వాడుతున్నాము. ఈ ఊళ్లలో కుండల పని పాఠంలా చెప్పేది కాదు. పెద్దవారు చేస్తూ ఉంటే పిల్లలు పక్కన కూర్చుని మట్టితో ఆడుకుంటారు, ఆ ఆట ఎప్పుడో ఒకప్పుడు పనిగా మారుతుంది.

అయితే మరియా చిన్నతనం నాటికి ఈ పని తగ్గుముఖం పట్టింది. 1880లో రైలు వచ్చింది. దానితో పాటు రేకు బకెట్లు, ఎనామిల్ గిన్నెలు వచ్చాయి. నీళ్లకూ ధాన్యానికీ కుండలు అవసరం లేకుండా పోయాయి. రైలు దిగిన యాత్రికులు జ్ఞాపకంగా కొనుక్కునే చిన్న చిన్న బొమ్మలు, గిన్నెలు మాత్రమే అమ్ముడుపోయేవి, అవీ చిల్లర డబ్బులకే.

1904లో మరియా, అదే ఊరికి చెందిన జూలియన్ మార్టినెజ్‌ను పెళ్లాడారు. పెళ్లయిన వెంటనే ఆ దంపతులు సెయింట్ లూయిస్ నగరంలో జరుగుతున్న ప్రపంచ ప్రదర్శనకు వెళ్లారు. విహారానికి కాదు, ప్రదర్శనకు వచ్చినవారి ముందు కూర్చుని కుండలు చేసి చూపడానికి. తాను పని చేస్తుంటే చుట్టూ నిలబడి చూసే జనం ఆమెకు ఆ తరువాత జీవితమంతా తప్పలేదు.

మరుగున పడిపోయిన నల్లకుండల విద్యను ఆమె తిరిగి కనిపెట్టారని అంటారు. నిజమేనా?

సగమే నిజం. ఈ విషయాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మ్యూజియం దుకాణాల చీటీలలో సైతం ఈ కథ తప్పుగానే కనిపిస్తుంది.

1907 నుంచి పురావస్తు పండితుడు ఎడ్గార్ లీ హ్యూయెట్ దగ్గరలోని పహరీటో పీఠభూమి మీద, పాత ప్యూబ్లో నివాసాలలో తవ్వకాలు జరిపించారు. శాన్ ఇల్డిఫాన్సో మగవారు చాలామంది అక్కడ కూలికి వెళ్లారు. వారిలో జూలియన్ ఒకరు. మరియా కూడా శిబిరంలో ఉండేవారు. తవ్వకంలో దొరికిన పెంకులను చూపించి, ఇలాంటి కుండలు చేయగలవా అని హ్యూయెట్ ఆమెను అడిగారు. ఆ పాత పెంకుల పలుచదనాన్ని, నునుపును అందుకోవడానికి ఆమె చాలా ప్రయత్నం చేశారు. అంతవరకు కథ సరైనదే.

కానీ నల్లగా మెరిసే కుండలు ఏనాడూ మరుగున పడలేదు. నదికి కాస్త ఎగువన ఉన్న శాంటా క్లారా ప్యూబ్లోలో అవి అప్పటికీ చేస్తూనే ఉన్నారు. శాన్ ఇల్డిఫాన్సోలో అప్పుడు ఎక్కువగా చేసేవి లేత రంగు నేల మీద నలుపు, ఎరుపు గీతలు ఉండే రంగుల కుండలు. మరియా, జూలియన్ కలిసి నిజంగా కొత్తగా తెచ్చింది వేరొకటి: మెరిసే నలుపు మీద మెరుపు లేని నలుపుతో బొమ్మ వేయడం. 1919 ప్రాంతంలో జూలియన్ దీనిని సాధించారు. కాబట్టి "పునరుద్ధరించారు" అనడం వారి గొప్పను తగ్గించడమే అవుతుందని మా అభిప్రాయం. వారు ఒక కొత్త కుండను కనిపెట్టారు.

సారె లేకుండా అంత గుండ్రని కుండ ఎలా వస్తుంది?

కుమ్మరి సారెను చూసి పెరిగిన మనకు ఈ ప్రశ్న రావడం సహజమే. ప్యూబ్లో కుమ్మరులు సారె వాడరు. మూకుడు లాంటి ఒక మట్టి పాత్రలో ముద్దను రొట్టెలా పరచి కుండ అడుగును చేస్తారు. తరువాత మట్టిని అరచేతుల మధ్య తాడులా పేని, ఆ తాడును అంచు మీద చుట్లుగా పేర్చుకుంటూ పోతారు. చుట్టుకూ చుట్టుకూ మధ్య అతుకును వేళ్లతో పామి కలిపేస్తారు. సొరకాయ బుర్ర ముక్కను లోపలి నుంచి ఆనించి, గోడను బయటకు నెడుతూ పలుచన చేస్తారు. కింద ఉన్న మూకుడు నేల మీద తిరుగుతుంది కాబట్టి, కుండను కొద్దికొద్దిగా తిప్పుకుంటూ పోవచ్చు. గుండ్రదనం వచ్చేది కంటి కొలతతోనే.

మట్టి ఊరి నేలలోనిదే. తవ్వే ముందు ప్రార్థన చేసి, మొక్కజొన్న పిండి చల్లి, మట్టి తల్లి అనుమతి తీసుకుంటారు. ఉత్త బంకమట్టితో చేస్తే ఆరేటప్పుడూ కాలేటప్పుడూ పగులుతుంది. అందుకని అందులో అగ్నిపర్వతపు బూడిదరాతి పొడిని కలిపి, కాళ్లతో తొక్కి, చేతులతో పిసికి పదును చేస్తారు. ఆ ప్రాంతమంతా ఒకనాటి అగ్నిపర్వతపు బూడిద పేరుకున్నదే కనుక ఆ పొడికి కొరత లేదు.

కుండ మీది మెరుపు వార్నిష్ వల్ల వచ్చిందా?

కాదు. వార్నిష్ లేదు, గాజుపూతా లేదు. అది కేవలం రాయితో మెరుగు పెట్టడం వల్ల వచ్చిన మెరుపు.

కుండ పూర్తిగా ఆరిన తరువాత గీకి, రుద్ది నునుపు చేస్తారు. ఆపై జేగురు రంగు సన్నమట్టిని నీళ్లలో కలిపి పలుచని పూతగా పూస్తారు. ఆ పూత మరీ తడిగా ఉండకూడదు, మరీ ఆరిపోకూడదు. ఆ మధ్యస్థితిలో నదిలో దొరికిన నున్నని గులకరాయి తీసుకుని రుద్దడం మొదలుపెట్టాలి. మొదలుపెట్టాక ఆపకూడదు. ఇంటికి చుట్టం వచ్చినా, పొయ్యి మీద కూర మాడుతున్నా లేవడానికి వీల్లేదు. మధ్యలో పూత ఆరిపోతే, అంతవరకు చేసినదంతా గరుకు కాగితంతో రుద్ది తీసివేసి మళ్లీ పూత నుంచి మొదలుపెట్టవలసిందే. వేలి గోరు తగిలినా గీత పడుతుంది. ఈ మెరుగు రాళ్లను తల్లి కూతురికి, అత్త కోడలికి ఇస్తారు. ఒక రాయి పోయిందంటే ఇంట్లో నగ పోయినంత పని. మరియా కుటుంబంలో మెరుగు పెట్టడంలో పేరు పొందిన వారు ఆమె చెల్లెలు క్లారా. సంతకాలలో ఎక్కడా క్లారా పేరు ఉండదన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

ఎర్రమట్టి పూసిన కుండ నల్లగా ఎలా మారుతుంది?

కాల్చే పద్ధతి వల్ల. ఇక్కడ కట్టిన ఆవం ఉండదు. ప్రతిసారీ నేల మీద కొత్తగా పేర్చిన మంటలోనే కాలుస్తారు.

గాలి లేని ఉదయాన్ని ఎంచుకుంటారు. నేల మీద డబ్బాలు పెట్టి వాటిపై ఇనుప జల్లెడ పరుస్తారు. జల్లెడ కింద దేవదారు జాతి చెట్ల ఎండుపుల్లలు, పైన బోర్లించిన కుండలు. మంట నేరుగా తగలకుండా కుండలకు నాలుగు పక్కలా, పైన రేకు ముక్కలు కప్పుతారు; పాత కార్ల నంబరు ప్లేట్లు కూడా ఈ పనికి వచ్చేవి. వాటి చుట్టూ పిడకలు గూడులా పేర్చి నిప్పు పెడతారు. మన పిడకలకూ వాటికీ తేడా ఏమీ లేదు, పేడతో చేసి ఎండబెట్టినవే.

వేడి సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వచ్చినప్పుడు, రేకుల సందుల్లోంచి కుండలు ఎర్రగా కనిపిస్తాయి. ఈ దశలో మంటను ఆర్పి తీసేస్తే ఎర్రకుండలే వస్తాయి. నలుపు కావాలంటే, పొడిచేసి ఉంచుకున్న గుర్రపు లద్దెను పారలతో ఎత్తి గుట్ట మొత్తం మీద గుమ్మరిస్తారు. మంట ఒక్కసారిగా ఊపిరాడక అణగిపోయి దట్టమైన పొగగా మారుతుంది. పొగ ఎక్కడ చీలి బయటకు వస్తే అక్కడ మరో పార బూడిద వేసి మూస్తారు. లోపల గాలి లేకపోవడం వల్ల, ఎర్రపూతలోని ఇనుప ఆక్సైడు తన ప్రాణవాయువును కోల్పోయి నల్లగా మారుతుంది. పొగలోని కర్బనం మట్టి రంధ్రాలలోకి చేరుతుంది. నలుపు పైన అద్దిన రంగు కాదని, మట్టిలోనే జరిగిన మార్పు అని చెప్పడం ఇందుకే.

ఈ మంటలో కుండలు పగలడం మామూలే. లోపల కొద్దిపాటి చెమ్మ మిగిలినా టప్పుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం ఏ కుండదో తెలుసుకోవడానికి గుట్ట చల్లారేదాకా ఆగాలి. వారాల పని ఒక్క క్షణంలో పోయినట్టే.

మెరుపు లేని బొమ్మ ఎలా వస్తుంది? ఆ బొమ్మలు ఎవరు వేసేవారు?

మెరుగు పెట్టడం పూర్తయిన కుండ మీద, కాల్చడానికి ముందు, పలుచని మట్టినీళ్లతో బొమ్మ వేస్తారు. గువాకో అనే అడవి మొక్కను ఉడికించి తీసిన రసాన్ని అందులో కలపడం పాత పద్ధతి. కుంచెగా యుక్కా మొక్క ఆకును నమిలి నారగా చేసుకున్నది వాడతారు. రాయి తాకని ఆ మట్టిగీత కాలిన తరువాత మసక నలుపుగా, మిగిలిన చోటు అద్దంలా ఉంటుంది.

మరియా కుండల మీద మరియా బొమ్మలు వేయలేదు. కుండను నిలబెట్టేది ఆమె, బొమ్మ వేసేది మరొకరు. మొదట్లో ఆమె అక్కచెల్లెళ్లు వేశారు. ఆ తరువాత ముప్పై ఏళ్లకు పైగా జూలియన్ వేశారు. ఆయన 1909 నుంచి కొన్నేళ్లపాటు శాంటా ఫేలోని గవర్నర్ల పాలెస్ భవనంలో, మ్యూజియం పారిశుద్ధ్య పనివాడిగా పనిచేశారు. ఊడ్చే పనితో పాటు అక్కడి పాత కుండలను రోజూ చూసే అవకాశమూ ఆయనకు దొరికింది. ఆయన కుంచెపని నేర్చుకున్న బడి ఏదంటే అదే.

ఆయన వేసిన వాటిలో ప్రసిద్ధమైనవి రెండు. ఒకటి అవాన్యు: కొమ్ము ఉన్న నీటిపాము, నోటి నుంచి మెరుపులా నాలుక. ఎండిన వాగులో హఠాత్తుగా వచ్చే వరదకు, వానకు, నీటికి అది గుర్తు. కుండ భుజం చుట్టూ అలలా పాకుతూ ఉంటుంది. రెండవది వరుసగా విచ్చుకున్న ఈకల వలయం. దీనిని న్యూ మెక్సికోలో పూర్వం నివసించిన మింబ్రెస్ అనే జనం చేసిన, వందల ఏళ్లనాటి గిన్నెల మీది బొమ్మల నుంచి ఆయన మలచుకున్నారు. కుండ భుజాన్ని కాక పెద్ద పళ్లేన్ని నింపినప్పుడు ఈ ఈకల వలయం ఎంత అందంగా ఉంటుందో ఫొటోలలో సరిగా తెలియదు. వెలుతురు పక్కనుంచి పడాలి.

కుండ అడుగున ఉండే పేర్లు కాలాన్ని బట్టి మారుతుంటాయి. ఎందుకు?

మా దృష్టిలో ఇది అన్నిటికంటే మంచి ప్రశ్న. 1920లకు ముందు ప్యూబ్లో కుమ్మరులు ఎవరూ కుండ మీద పేరు రాయలేదు. ఊళ్లో ఎవరి కుండ ఎవరిదో అందరికీ తెలుసు, రాయవలసిన అవసరమే లేదు. సంతకం కావలసింది కొనేవారికి. అందుకే 1920ల మొదట్లో మొదలైన మొదటి సంతకం "మరీ" అని ఉంటుంది. తెల్లవారికి ఆ రూపం ఎక్కువ అలవాటు అని ఆమెకు చెప్పినవారు ఉన్నారు.

1925 ప్రాంతం నుంచి "మరీ, జూలియన్" అని జంట సంతకం వచ్చింది. 1943లో జూలియన్ మరణించారు. అప్పటి నుంచి 1950ల మధ్యవరకు "మరీ, సంటానా" అని ఉంటుంది. 1956 నుంచి "మరియా, పోపోవి". బొమ్మ ఏమీ లేకుండా ఉత్త మెరుగుతో ఉన్న కుండల మీద "మరియా పోవెకా" అని, టేవా పేరుతో కలిపి రాశారు. పోపోవి సంతకంతో పాటు తేదీ కూడా వేయడం మొదలుపెట్టారు: 967 అని ఉంటే 1967 సెప్టెంబరు అని చదువుకోవాలి.

కొనుగోలుదారులు ఈ మార్పులను వయసు కట్టడానికి, ధర కట్టడానికి వాడతారు. కానీ వరుసగా చదివితే ఒక ఇంటి చరిత్ర కనిపిస్తుంది: భర్త, కోడలు, కొడుకు. ఆమె పేరు పక్కన కూర్చున్న మనిషి మారినప్పుడల్లా ఇంట్లో ఒక చావో, ఒక బాధ్యత చేతులు మారడమో జరిగింది.

ఇతరులు చేసిన కుండల మీద కూడా మరియా సంతకం చేసేవారట. అది మోసం కాదా?

చేసేవారు. 1930ల నాటికి ఆమె పేరున్న కుండకు ఎక్కువ ధర పలుకుతోందని ఊళ్లో అందరికీ తెలిసింది. పొరుగింటి ఆడవారు తమ కుండ తెచ్చి పేరు రాయమంటే రాసి ఇచ్చేవారు. బయటి అధికారులకు ఈ సంగతి తెలిసి అభ్యంతరం చెప్పాక ఆగిపోయింది.

కొనేవారి వైపు నుంచి చూస్తే ఇది చిక్కే. ఆమె వైపు నుంచి చూస్తే అంత వింతగా తోచదు. మట్టి ఊరిది, పద్ధతి ఊరిది. నలుపు మీద నలుపు వేసే విద్యను కూడా ఆమె, జూలియన్ తమ దగ్గరే దాచుకోకుండా అడిగిన వారందరికీ నేర్పారు. కరవుకాలంలో ఊరు బతకడానికి కుండల అమ్మకం పొలం కంటే పెద్ద ఆధారమైంది. పొరుగింటి కుండ అమ్ముడుపోవడానికి తన పేరు పనికొస్తే ఇవ్వడానికి ఆమెకు పట్టింపు లేదు. పేరును సొంత ఆస్తిగా చూసే అలవాటు బయటినుంచి వచ్చింది, ఆమె దానిని మిగతావారిలా నెమ్మదిగానే నేర్చుకున్నారు.

జూలియన్ తరువాత పనిని ఎవరు నడిపించారు?

జూలియన్ ఊరికి గవర్నరుగా కూడా పనిచేసిన మనిషి. తాగుడు అలవాటు ఆయనను, ఇంటిని చాలాకాలం బాధపెట్టింది. ఈ విషయాన్ని కుటుంబం దాచిపెట్టలేదు. ఆయన పోయాక బొమ్మలు వేసే పనిని పెద్దకోడలు సంటానా తీసుకున్నారు. ఆమె రాయ్‌బల్ ఇంటి ఆడపడుచు. చిత్రకారుడు అవా సిరే ఆమె సోదరుడే, తల్లి ఆల్ఫొన్సిటా కుండలు చేసేవారు. అంటే పుట్టింటి నుంచి కుంచె, అత్తింటి నుంచి మట్టి వచ్చాయన్నమాట. పెద్దకొడుకు ఆడమ్ మట్టి తవ్వి తేవడం, పిడకలు సమకూర్చడం, కాల్చడం చూసుకునేవారు. సంటానా తరువాతి కాలంలో ఆడమ్‌తో కలిసి తమ పేర్లతోనే కుండలు చేశారు. ఆడమ్ 2000లో, సంటానా 2002లో మరణించారు.

ఆ దంపతుల గురించి రాసినవి తక్కువ. మరియాకు తోడుగా పన్నెండేళ్లపాటు ప్రతి కుండ మీదా గీత గీసిన మనిషికి దక్కవలసినంత చోటు సంటానాకు దక్కలేదని మాకు అనిపిస్తుంది.

పోపోవి డా చేసిన మార్పులు ఏమిటి?

మరియా కొడుకు ఆంటోనియో తన పేరును చట్టప్రకారం టేవా పేరైన పోపోవి డాగా మార్చుకున్నారు. ఎర్రనక్క అని అర్థం. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన సైనికుడిగా లాస్ అలామోస్‌లో, అణుబాంబు తయారైన చోట పనిచేశారు. ఆ ప్రయోగశాల శాన్ ఇల్డిఫాన్సో వారు తరతరాలుగా తమవిగా భావించే కొండల మీదే, నదికి ఆవలి వైపున వెలిసింది. యుద్ధం తరువాత 1948లో ఊళ్లో భార్య అనీటాతో కలిసి దుకాణం తెరిచారు. తరువాత ఊరికి గవర్నరు కూడా అయ్యారు.

తల్లితో కలిసి పనిచేస్తూ ఆయన మరుగున పడుతున్న రంగుల కుండలను తిరిగి పట్టాలెక్కించారు. లోహపు మెరుపుతో వెండిలా కనిపించే తుపాకీ లోహపు నలుపును సాధించారు. నల్లగా కాలిన కుండను మళ్లీ గాలి తగిలేలా వేడి చేస్తే, లోపల చేరిన కర్బనం కాలిపోయి పూత తేనెరంగు కలిసిన ఇటుక ఎరుపుగా మారుతుంది. ఆ సియెన్నా రంగును, నలుపును ఒకే కుండ మీద పక్కపక్కన నిలపడం ఆయన ఘనత. కుండలో టర్కాయిజ్ నీలిరాయిని పొదగడం మొదలుపెట్టినదీ ఆయనే. ఆయన 1971లో మరణించారు. ఆ తరువాత మరియా పెద్దగా కుండలు చేయలేదు.

మనవడు టోనీ డా సంగతి ఏమిటి?

పోపోవి కొడుకు టోనీ 1940లో పుట్టారు. నౌకాదళంలో పనిచేసి వచ్చాక నాయనమ్మ ఇంట్లో ఉండి పని నేర్చుకున్నారు. కాలిన కుండ మీద సన్నగా చెక్కడం, వెంట్రుకవాసి వెడల్పున్న గవ్వపూసలను, టర్కాయిజ్‌ను పొదగడం, మూత ఉన్న జాడీలు, ఎలుగుబంటి బొమ్మలు ఆయన ప్రత్యేకత. నగల పనికీ కుండల పనికీ మధ్య గీతను చెరిపేశారు. 1982లో జరిగిన మోటారుసైకిల్ ప్రమాదం తరువాత ఆయన కుండలు చేయలేకపోయారు. చిత్రాలు వేస్తూ 2008 వరకు జీవించారు. ఆయన చేసిన కుండలు లెక్కకు తక్కువ.

ఐదో తరం దాకా వచ్చిందా?

వచ్చింది. 1978లో వాషింగ్టన్‌లోని రెన్విక్ గ్యాలరీలో, స్మిత్‌సోనియన్ వారు మరియా కుటుంబపు ఐదు తరాల పనిని ఒకచోట ప్రదర్శించారు. అప్పుడు మరియా జీవించే ఉన్నారు. ఆడమ్, సంటానాల మనవరాలు బార్బరా గొన్జాలెస్, మరియాకు ముని మనవరాలు. రాళ్లు పొదగడం, సాలెపురుగు బొమ్మలు ఆమె ముద్ర. బార్బరా కొడుకు కావన్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్‌ఫ్రెడ్ విశ్వవిద్యాలయంలో కుండల కళ చదివి వచ్చి, రంగుల కుండల వైపు మొగ్గారు. మరియా పెంపకంలో పెరిగిన ఆమె చెల్లెలి కూతురు కార్మెలిటా డన్‌లప్ కూడా పెద్ద కుండలకు పేరు తెచ్చుకున్నారు. మేనకోడళ్లను, కోడళ్లను లెక్కలో వదిలేసి తల్లి నుంచి కూతురికి అని చెబితే ఈ కుటుంబం అర్థం కాదు.

ఇలాంటి కుటుంబాలు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. అరిజోనాలోని హోపీల మధ్య స్థిరపడిన టేవా వారిలో నాంపేయో, ఆమె వారసులు. శాంటా క్లారాలో మార్గరెట్ టఫోయా కుటుంబం, ఎలుగు పంజా గుర్తు నొక్కిన పెద్ద నల్లకుండలకు. ఆకొమాలో లూసీ లూయిస్, సన్నని గీతల తెల్లకుండలకు ప్రసిద్ధులు. ఒక్కొక్కరి గురించీ ప్రత్యేకంగా చెప్పుకోవలసినంత ఉంది.

మరియాకు ఎలాంటి గుర్తింపు దక్కింది?

1954లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ వారి పతకం, అదే ఏడాది ఫ్రాన్స్ ప్రభుత్వ గౌరవం, పలు విశ్వవిద్యాలయాల గౌరవ డాక్టరేట్లు, వైట్‌హౌస్ ఆహ్వానాలు దక్కాయి. వీటన్నిటికంటే మాకు నచ్చే సంగతి 1952 నాటిది. ఆ ఏడాది ఇంగ్లండు కుమ్మరి బెర్నార్డ్ లీచ్, జపాను కుమ్మరి షోజి హమాడా శాన్ ఇల్డిఫాన్సోకు వచ్చి ఆమె పని చూశారు. ముగ్గురూ వేర్వేరు భాషలవారు, మాట్లాడుకోవలసింది మట్టి గురించే.

మన దగ్గరి కుండలకూ వీటికీ ఏమైనా పోలిక ఉందా?

చుట్టరికం లేదు, రసాయనం ఒకటే. తెలుగునేల మీద రాక్షసగుళ్లుగా పిలిచే బృహత్శిలా సమాధులలో దొరికే, లోపల నలుపు, బయట ఎరుపు ఉండే కుండలలో కూడా గాలి తగలని చోటు నల్లగా, తగిలిన చోటు ఎర్రగా మారింది. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా నిజామాబాదులో నేటికీ నల్లకుండలు చేస్తున్నారు. పేరు చూసి మన నిజామాబాదు అని పొరబడకండి. అక్కడ సారె ఉంది, శాన్ ఇల్డిఫాన్సోలో లేదు. పొగతో నల్లబరచడం మాత్రం రెండుచోట్లా ఉంది.

కొనేటప్పుడు అసలుదని ఎలా తెలుస్తుంది?

చేసినవారి దగ్గరే కొనడం అన్నిటికంటే నమ్మకమైన మార్గం. శాంటా ఫేలో 1922 నుంచి నడుస్తున్న ఇండియన్ మార్కెట్‌లో, ఏటా ఆగస్టులో, కుమ్మరులు స్వయంగా కూర్చుని అమ్ముతారు. ఏ కుండ మీద ఎవరు ఏ పని చేశారో అడిగితే చెబుతారు. అచ్చులో పోసి విద్యుత్ కొలిమిలో కాల్చిన కుండలూ బజారులో ఉన్నాయి. వాటి గోడ మందం అంతటా ఒకేలా ఉంటుంది. చేత్తో చుట్టిన కుండ లోపల వేళ్లు పెట్టి తడిమితే చిన్న ఎగుడుదిగుళ్లు తగులుతాయి.

నేటివ్ అమెరికన్లు చేయని వస్తువును వారు చేసినదిగా అమ్మడం 1990 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారి పట్టుబడిన వ్యక్తికి రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా, ఐదేళ్ల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఊరికి వెళ్లి చూడవచ్చా?

చూడవచ్చు, కానీ అది మనుషులు నివసించే ఊరు, ప్రదర్శనశాల కాదు. ముందుగా సందర్శకుల కార్యాలయంలో నమోదు చేసుకోవాలి, ఫొటోలకు అనుమతి అడగాలి. జనవరి 23న ఊరి పండుగ జరుగుతుంది. నృత్యాలను చూడవచ్చు కానీ ఫొటోలు తీయకూడదు, చప్పట్లు కొట్టకూడదు. అది ప్రార్థన. మరియా కుటుంబపు కుండలు ఎక్కువ సంఖ్యలో చూడాలంటే టావోస్‌లోని మిల్లిసెంట్ రోజర్స్ మ్యూజియం మంచి చోటు.

కొన్న కుండలో నీళ్లు పోసుకోవచ్చా? పూలు పెట్టుకోవచ్చా?

వద్దు. తక్కువ వేడిలో కాలిన ఈ కుండ నీటిని పీలుస్తుంది. పూత లేచిపోతుంది, మెరుపు మీద తెల్లని మచ్చలు పడతాయి. తడిగుడ్డతో తుడవకండి, నూనె రాయకండి. పొడిగా ఉన్న మెత్తని నూలుగుడ్డ చాలు. ఎత్తేటప్పుడు అంచు పట్టుకుని ఎత్తకుండా, ఉంగరాలూ గాజులూ తీసి, రెండు చేతులతో అడుగు పట్టుకుని ఎత్తండి.